మంచివాడూ చెడ్డవాడూ ఒకే జట్టులో: మీ ఆటకు ఏ పద్ధతి నప్పుతుంది?

"అన్నా, నేనేటి సేసాను? నా కేరెక్టర్ అలాటోడు మరి."

ఈ ఒక్క మాటతో మా ఆదివారం ఆట మూడు వారాలు ఆగిపోయింది.

మాది విజయనగరం. మూడు లాంతర్ల దగ్గర మా మేడ మీద గదిలో చాప పరుచుకుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇందులో ఒకరు కథ నడుపుతారు, వారిని డీఎం అంటాం. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చేయబోయిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా దగ్గర డీఎం నేను. ఆడేవాళ్ళు ఐదుగురు. ఒకడు శ్రీకాకుళం కుర్రాడు, ఆమదాలవలసలో రైలెక్కి వస్తాడు. ఇద్దరు విశాఖలో ఉద్యోగాలు చేస్తూ శనివారం రాత్రికి ఇల్లు చేరతారు. ఒకరు మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య. ఐదో ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతుంది, అందరం అక్కా అని పిలుస్తాం.

ఆ రోజు జరిగింది ఇది. అన్నయ్య పాత్ర పాలడిన్, అంటే ప్రమాణం చేసి ఆయుధం పట్టిన యోధుడు. పాత్ర వివరాలు రాసుకునే షీట్ మీద 'లాఫుల్ గుడ్' అని ఉంది. ధర్మం తప్పడు, మాట తప్పడు. కుర్రాడిది దొంగ పాత్ర, షీట్ మీద 'న్యూట్రల్ ఈవిల్'. తన లాభం తప్ప ఇంకేదీ పట్టనివాడు. జట్టుకు ఒక బందిపోటు దొరికాడు. "నిజం చెప్పు, నీ ప్రాణానికి నాది పూచీ" అని పాలడిన్ మాటిచ్చాడు. బందిపోటు ఉన్నదున్నట్టు చెప్పాడు. రాత్రయింది, దొంగకు కాపలా వంతు వచ్చింది. కుర్రాడు ఒక చిట్టీ రాసి, మడిచి, నా చేతిలో పెట్టాడు: 'వీడి గొంతు కోసి ఏట్లో పడేస్తాను.' నేను తలూపాను. జీడిపప్పు డబ్బా మూతలో పాచిక గలగలమంది. పదిహేడు. పని అయిపోయింది.

కథలో తెల్లారింది. "బందీ ఏడి?" అన్నాడు అన్నయ్య. నేను జరిగింది చెప్పాను. కుర్రాడు ఆ మాట అన్నాడు. అన్నయ్య గొంతు పెంచలేదు. పాచికలు ఒక్కొక్కటే ఏరి అగరబత్తి డబ్బాలో వేసుకున్నాడు. షీట్ నాలుగు మడతలు పెట్టాడు. "లేటవుతోంది, వెళ్తాను" అని మెట్లు దిగిపోయాడు. గ్లాసులో టీ సగం అలాగే ఉండిపోయింది.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకు ఒక జట్టు చెడితే ఇంకో జట్టు దొరుకుతుంది. మా జిల్లాల్లో ఈ ఆట ఆడే మనిషిని తయారు చేసుకోవడానికే ఆరు నెలలు పడుతుంది. ఒకరు అలిగితే ఆట ఉండదు. అందుకే మంచి, చెడు పాత్రల మధ్య గొడవను ఎలా పెట్టుకోవాలి, అసలు పెట్టుకోవాలా వద్దా అన్నది మాలాంటివాళ్ళు ముందే తేల్చుకోవాలి. ఆ మూడు వారాల తర్వాత మేం పద్ధతులు మార్చి మార్చి ఆడాం. నాకు తెలిసినంతలో దారులు ఐదు. నా నమ్మకం మాత్రం ఒక్కటే: దారిని కథ చూసి ఎంచుకోకూడదు, చాప మీద కూర్చున్న మనుషుల్ని చూసి ఎంచుకోవాలి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మనుషులు ఒకరికొకరు ఎంత తెలుసు. అన్నిటికన్నా పెద్దది ఇదే. చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగిన బావా బావమరుదులు ఆటలో వెన్నుపోటు పొడుచుకుని, పది నిమిషాల్లో కలిసి పకోడీలు తింటారు. పోయిన నెల పరిచయమైన మనిషికి అదే వెన్నుపోటు పొడిస్తే, ఆయన దాన్ని ఇంటికి మోసుకెళ్తాడు. పెద్దా చిన్నా తేడా కూడా చూడాలి. మన దగ్గర చిన్నవాడు పెద్దవాణ్ని ఆటలో మోసం చేస్తే, పెద్దవాడు పైకి అనకపోయినా లోపల పెట్టుకోవచ్చు. పెద్దవాడు చేస్తే చిన్నవాడు నోరెత్తలేకపోవచ్చు. రెండిట్లో ఏదీ సులువు కాదు, రెండూ బయటికి కనపడవు.

ఆట ఎన్నాళ్ళు. ఒక్క రాత్రిలో అయిపోయే కథలో ఎవరు ఎవర్ని చంపినా పరవాలేదు. ఏడాది పాటు పెంచుకున్న పాత్ర పోతే మనసుకు తగులుతుంది.

టైమ్. మా కుర్రాడికి సాయంత్రం రైలు అందాలి. నాలుగు గంటల ఆటలో గంటన్నర 'బందీని చంపాలా వద్దా' అన్న వాదనకే పోతే మిగతా ముగ్గురూ గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటారు. ఇద్దరి గొడవకు ఐదుగురి ఆదివారం పోతుంది.

డీఎం ఓపిక. జట్టు రెండుగా చీలితే కథను కూడా రెండుగా నడపాలి. ఆఫీసు పని చేసుకుంటూ వారానికి ఒక సాయంత్రం మాత్రమే ప్రిపేర్ అయ్యే మనిషికి అది చాలా బరువు.

రూల్ పుస్తకం ఏ కాలానిది. దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ గొడవల్లో కొన్ని నేరుగా పుస్తకంలోంచే వస్తాయి.

## ఈ గొడవ పుస్తకంలోనే పుట్టింది

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చినప్పుడు మంచీ చెడూ అనే గీత లేదు. ఉన్నవి మూడే: కట్టుబాటు, తటస్థం, అరాచకం. తర్వాత మంచి-చెడు అనే రెండో గీత కలిసింది. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి తొమ్మిది గళ్ళు స్థిరపడ్డాయి. ఒక వైపు లాఫుల్, న్యూట్రల్, కేయాటిక్. రెండో వైపు గుడ్, న్యూట్రల్, ఈవిల్.

ఆ 1978 పుస్తకంలో పాలడిన్ లాఫుల్ గుడ్ అయి తీరాలి. తెలిసి చెడ్డపని చేస్తే శక్తులు పోతాయి, మళ్ళీ రావు. చెడ్డవాళ్ళతో సావాసం చేయకూడదు. అదే పుస్తకంలో అసాసిన్ అనే హంతకుడి పాత్ర ఉంది, అతను ఈవిల్ అయి తీరాలి. ఇద్దరూ ఒకే పుస్తకంలో, ఆటగాళ్ళు ఎంచుకోవడానికి పక్కపక్కనే ఉన్నారు. ఒక స్నేహితుడు దాన్నీ, ఇంకో స్నేహితుడు దీన్నీ ఎంచుకుంటే ఆట మొదలవకముందే పోట్లాట సిద్ధంగా ఉన్నట్టే.

తర్వాతి పుస్తకాలు దీన్ని మెల్లగా సడలించాయి. 2008 నాటి నాలుగో ఎడిషన్ తొమ్మిదిని ఐదు చేసింది. 2014 నాటి ఐదో ఎడిషన్ తొమ్మిదినీ తిరిగి తెచ్చింది కానీ పాలడిన్‌ను వాటికి కట్టెయ్యలేదు, అతను చేసిన ప్రమాణానికి కట్టింది. పాత ఆటల్లో పాలడిన్ ఎదుటి మనిషిలో చెడును పసిగట్టగలిగేవాడు. ఐదో ఎడిషన్‌లో అతని దివ్యదృష్టికి దేవలోకం వాళ్ళు, పిశాచాల్లాంటివి, చచ్చి లేచినవి మాత్రమే తెలుస్తాయి. పక్కన నడిచే దొంగ షీట్ మీద 'ఈవిల్' అని ఉన్నా తెలియదు. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ అయితే 2023 నాటి కొత్త పుస్తకాల్లో అలైన్‌మెంట్‌ను, అంటే ఈ మంచి-చెడు గళ్ళను, మొత్తంగా తీసేసి, పాత్ర చేయాల్సినవీ చేయకూడనివీ రాసుకోమంటోంది.

కాబట్టి మీ దగ్గర ఎవరైనా పాత పుస్తకం పట్టుకొచ్చి "పాలడిన్ నీతో నడవకూడదు, రూల్ ఉంది" అంటే, ఏ ఏడాది పుస్తకమో ముందు చూడండి.

## ఐదు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | ఎలాంటి జట్టుకు | ఎన్నాళ్ళ ఆటకు | డీఎం మీద బరువు | ఎక్కడ చెడుతుంది |
|---|---|---|---|---|
| అందరూ మంచివాళ్ళే | కొత్తవాళ్ళు, పిల్లలు, పరిచయం తక్కువున్నవాళ్ళు | ఎన్నాళ్ళైనా | తక్కువ | పాతవాళ్ళకు చప్పగా అనిపించవచ్చు |
| కలిపి, ఒప్పందంతో | ఏడాదైనా కలిసి ఆడినవాళ్ళు | పొడుగు కథలు | ఎక్కువ | ఒప్పందం మరిచిపోతే |
| ఎవరికి వారే, బాహాటంగా | బాగా దగ్గరివాళ్ళు | ఒక్క రాత్రి | మధ్యస్థం | పొడుగు కథలో పెడితే |
| అందరూ చెడ్డవాళ్ళే | పెద్దవాళ్ళు, హద్దులు ముందే మాట్లాడుకున్నవాళ్ళు | మూడు నుంచి పది సెషన్లు | మధ్యస్థం | హద్దులు చెప్పుకోకపోతే |
| మంచి-చెడు ముద్రలు తీసేసి, పక్షాలతో | వాదన ఇష్టపడేవాళ్ళు, చరిత్ర ఇష్టపడేవాళ్ళు | చిన్న, మధ్యస్థ కథలు | మొదట్లో ఎక్కువ | పక్షం సొంత ఊరు పౌరుషమైతే |

## ఒకటి: అందరూ మంచివాళ్ళే

మొదటి రోజే "ఈ కథలో చెడ్డ పాత్రలు వద్దు" అని చెప్పేయడం. ఇది భయపడి వెనక్కి తగ్గడమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. మంచివాళ్ళ మధ్య కూడా కావలసినంత తగాదా ఉంటుంది. ఊరిని కాపాడాలా, ముందు తప్పిపోయిన పిల్లను వెతకాలా? మాటిచ్చినవాడికి మాట నిలబెట్టాలా, ఆకలితో ఉన్నవాడికి ఆ ధాన్యం ఇచ్చేయాలా? ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ పడదు. అలాంటి తగాదాలో ఎవరూ అవమానపడరు.

స్కూలు పిల్లలతో ఆడించేవాళ్ళు ఇది తప్ప వేరేది ఆలోచించవద్దు. అక్క వేసవి సెలవుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురితో ఆడించింది. ఒక పిల్లాడు 'నేను దెయ్యాన్ని పూజించేవాణ్ని' అంటే, "ఒకప్పుడు పూజించేవాడివి, ఇప్పుడు పారిపోయి వచ్చావు" అని మార్చి ఇచ్చింది. వాడికి కావలసిన నలుపూ దొరికింది, జట్టుకూ ఇబ్బంది లేకపోయింది.

## రెండు: కలిపి, కానీ ఒప్పందంతో

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసిందీ ఇదే.

మొదటి షరతు: చెడ్డ పాత్ర జట్టులో ఉండాలంటే దానికి సొంతంగా ఒక కారణం కావాలి. మనకు దీన్ని వేరే ఎక్కడో నేర్చుకోనక్కర్లేదు. కర్ణుడు ఎందుకు నిలబడ్డాడు? ఉప్పు తిన్న విశ్వాసం. ధర్మం ఎటుందో తెలిసీ అక్కడే ఉన్నాడు. అలాంటిది మీ దొంగకూ ఉండాలి: పాలడిన్ తన చెల్లెల్ని జైలు నుంచి విడిపించాడనో, మాంత్రికురాలి దగ్గర ప్రాణం అప్పు ఉందనో. ఆ బంధం తెంచుకోలేనిదిగా ఉంటే, అతను లోకానికి ఎంత చెడ్డవాడైనా జట్టుకు చెడ్డవాడు కాడు. ఈవిల్‌లో కూడా లాఫుల్ ఈవిల్‌ను రానివ్వండి. అంటే మాట మీద నిలబడే చెడ్డవాడు. ఎప్పుడేం చేస్తాడో తెలియని కేయాటిక్ ఈవిల్‌ను మిశ్రమ జట్టులోకి నేను రానివ్వను. ఇంతవరకూ ఆ పాత్ర అడిగినవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది పాత్ర కాదు, ఏం చేసినా అడగకూడదన్న లైసెన్సు.

రెండో షరతు: తోటి ఆటగాడి పాత్రకు, లేదా అతను మాటిచ్చినదానికి నష్టం కలిగించే పని చేయాలంటే పాచిక వేసేముందు అతన్ని అడగాలి. 'నేనిది చేయబోతున్నాను, సరేనా? ఎలా ముగిస్తే బాగుంటుంది?' ఫలితం చెప్పే హక్కు దెబ్బ తినేవాడిది.

మూడోది: చిట్టీలు బంద్. నా తప్పు అక్కడే జరిగింది. చిట్టీ తీసుకోకుండా ఉండాల్సింది, తీసుకున్నా పైకి చదవాల్సింది. "రహస్యం లేకపోతే థ్రిల్ ఏముంది?" అని మా విశాఖ మిత్రుడు అడిగాడు. అతనికి పద్యనాటకం గుర్తు చేశాను. మాయాజూదం సీన్‌లో పాచికల సంగతి పందిట్లో కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు. ధర్మరాజుకు ఒక్కడికే తెలియదు. అందుకే కదా ఆ సీన్ రక్తి కడుతుంది, తెల్లవార్లూ జనం లేవకుండా కూర్చుంటారు! ఆటగాడికి తెలిసి, పాత్రకు తెలియకపోవడంలోనే మజా. ఆటగాడికే తెలియకపోతే అది మోసం.

మూడు వారాల తర్వాత నేను కంటోన్మెంట్‌లో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. కోపం బందిపోటు చచ్చినందుకు కాదని అప్పుడు తెలిసింది. "వాడు చంపడం కాదురా, నువ్వు తలూపావు చూడు, అది" అన్నాడు. తర్వాత కుర్రాడితో మాట్లాడితే అతని వైపు కూడా ఒక లెక్క ఉంది. అంతకుముందు నాలుగు సెషన్లలో పాలడిన్ అతన్ని ప్రతి పనిలోనూ ఆపాడు. జేబు కొడితే తిరిగి ఇప్పించాడు. అబద్ధం చెప్పబోతే మధ్యలో నిజం చెప్పేశాడు. దొంగ పాత్ర తీసుకున్నవాడికి దొంగతనం చేసే అవకాశమే రాలేదు. మంచి పాత్ర కూడా ఆట చెడగొట్టగలదు. అందరికీ కాపలాదారుగా నిలబడే పాలడిన్ ఉన్న జట్టులో మిగతావాళ్ళకు ఊపిరాడదు. ఒప్పందం రెండు వైపులా ఉండాలి: చెడ్డవాడు జట్టును ముట్టుకోడు, మంచివాడు ప్రతి చిన్నదానికీ అడ్డు పడడు.

ఆ సీన్‌ను మళ్ళీ ఆడాం. జరిగినదాన్ని చెరిపేసి, కాపలా రాత్రి నుంచి. ఈసారి కుర్రాడు నేరుగా అన్నయ్యతో చెప్పాడు: "నేను కత్తి ఎత్తుతాను. అప్పుడు మీరు లేవండన్నా." అన్నయ్య కాసేపు ఆలోచించి, "లేస్తాను. కానీ నీ చెయ్యి పట్టుకోను. బందీకి అడ్డంగా కూర్చుంటాను" అన్నాడు. ఆడారు. దొంగ కత్తి ఎత్తి ఉన్నాడు, పాలడిన్ నిరాయుధంగా మధ్యలో కూర్చుని ఉన్నాడు. పాచిక ఎవరూ ముట్టుకోలేదు. చివరికి దొంగ కత్తితో తాడు కోసి, "పారిపోయాడని చెబుదాం" అన్నాడు. పాలడిన్ జీవితంలో మొదటిసారి అబద్ధానికి ఒప్పుకున్నాడు. ఇద్దరూ చెరో మెట్టు జరిగారు. అక్క కళ్ళు తుడుచుకుంది. మా ఆటలో ఇప్పటికీ అందరూ చెప్పుకునే రాత్రి అది.

## మూడు: ఎవరికి వారే, బాహాటంగా

ఒకరినొకరు మోసం చేసుకోవడమే ఆట అని ముందే ఒప్పుకుని కూర్చోవడం. దీనికోసమే రాసిన ఆటలు ఉన్నాయి. 1984లో వచ్చిన పారనోయా అందులో పేరున్నది. ప్రతి పాత్రకూ నకళ్ళు ఉంటాయి, ఒకటి చస్తే ఇంకొకటి వస్తుంది, అందుకే చావు ఎవరికీ బాధ కాదు. దీని నుంచి నేర్చుకోవలసింది అదే: ద్రోహం సరదాగా ఉండాలంటే పోయేదాని విలువ తక్కువుండాలి. ఏడాది పెంచిన పాత్రల మధ్య ఈ పద్ధతి పెట్టవద్దు.

సిరిమానుకు ఊరొచ్చినవాళ్ళతో మేం ఇదే ఆడతాం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ. బెంగళూరు, హైదరాబాదు నుంచి పాత స్నేహితులందరూ దిగుతారు. ఆ ముందు రోజుల్లో ఒక రాత్రి, అప్పటికప్పుడు రాసుకున్న పాత్రలు, తెల్లారేసరికి కథ పూర్తి. రెండో రోజుకు ఎవరికీ ఏమీ మిగలదు.

## నాలుగు: అందరూ చెడ్డవాళ్ళే

అందరూ ఒకే వైపు ఉంటే మంచీ చెడూ గొడవ రాదు. దొంగల ముఠా, కూలి సైనికులు, పడిపోయిన రాజవంశం వాళ్ళు. 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆట మొత్తం ఒక నేరగాళ్ళ ముఠా గురించే. అందులో పాత్రలు ఒకరికొకరు అవసరం అయ్యేలా నియమాలు రాశారు. చెడ్డవాళ్ళ జట్టు నిలబడాలంటే ముఠా అన్నది ఒకటి ఉండాలి, పంచుకోవడానికి లాభం ఉండాలి, అందరికన్నా పెద్ద శత్రువు ఒకడుండాలి. అవి లేకపోతే రెండో సెషన్‌కే ఒకర్నొకరు తినేస్తారు.

ఇక్కడ హద్దులు చెప్పుకోవడం తప్పనిసరి. 'గీతలు, తెరలు' అనే పద్ధతి మేం వాడతాం. గీత అంటే కథలోకి అసలు రాకూడనిది: పిల్లల మీద హింస, ఆడవాళ్ళ మీద అఘాయిత్యం మా గీతలు. తెర అంటే జరిగిందని చెప్పుకుంటాం, వర్ణించం: చిత్రహింసలు మా తెర. చాప మధ్యలో 'ఎక్స్' రాసిన కార్డు ఒకటి పెడతాం. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సీన్ అక్కడితో ఆపేస్తాం, ఎందుకని అడగం. నలుగురి ముందు 'నాకిది ఇబ్బందిగా ఉంది' అని నోరు తెరిచి చెప్పడం మన దగ్గర చాలామందికి కష్టం. కార్డు ముట్టుకోవడం తేలిక.

## ఐదు: ముద్రలు తీసేసి, పక్షాలతో

ఇది మేం అనుకుని చేసింది కాదు, బొబ్బిలి మీద ఒక చిన్న కథ రాయబోయి దీనిలో పడ్డాం.

1757 జనవరి 24న విజయనగరం రాజు పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిన కథ మా జిల్లాలో తెలియనివారుండరు. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ శత్రువు చేతికి చిక్కకుండా తామే చంపుకున్నారు. తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలోకి వెళ్ళి విజయరామరాజును చంపాడు. బుర్రకథల్లో విన్నదే. నేను చరిత్రలోని పెద్దవాళ్ళను ముట్టుకోకుండా చిన్న మనుషులను పెట్టాను: కోట కాపలా సిపాయి, ఫ్రెంచివాళ్ళ మాటను మనవాళ్ళకు, మనవాళ్ళ మాటను వాళ్ళకు చెప్పే దుబాసీ, మందుగుండు బండి తోలేవాడు, గాయాలకు కట్లు కట్టే వైద్యురాలు. మూడు సెషన్ల కథ.

షీట్లు పంచి అలైన్‌మెంట్ రాయమన్నాను. ఒక్కరూ 'ఈవిల్' రాయలేదు. దుబాసీ పాత్ర తీసుకున్న అన్నయ్య పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, "వీడు డబ్బుకు పనిచేస్తున్నాడు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. వీణ్ని ఏమని రాయను?" అన్నాడు. మా విశాఖ మిత్రుల్లో ఒకరి అమ్మగారిది బొబ్బిలి. అతను "అటువైపు వాళ్ళందరూ ఈవిల్ అని రాసేయండి" అన్నాడు, నవ్వుతూనే అన్నాడు కానీ పూర్తిగా నవ్వు కాదు. ఆ గడి కొట్టేశాం. బదులుగా ఒక్కొక్కరూ మూడు వాక్యాలు రాశారు: నేను ఎవరికి కట్టుబడి ఉన్నాను, ఏది చచ్చినా చేయను, దేనికోసం మాట తప్పుతాను.

ఆ మూడో వాక్యం కథను నడిపింది. దుబాసీ 'నా పిల్లల కోసం మాట తప్పుతాను' అని రాసుకున్నాడు. కోటలోంచి ఒక పిల్లవాడిని వైద్యురాలు దాటిస్తుంటే చూసి, తన దొరకు చెప్పకుండా దారి తప్పించాడు. మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ అడగలేదు.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా చెబుతాను. పక్షం అన్నది ఆటగాడి సొంత ఊరు, కులం, పార్టీ దాకా వెళ్తే కథ కథగా ఉండదు. బొబ్బిలి, విజయనగరం అంటే ఇక్కడ ఇప్పటికీ పౌరుషమే. అందుకే ఒక నియమం పెట్టాం: బొబ్బిలి తాలూకు మనిషి విజయనగరం వైపు పాత్ర తీసుకోవాలి, ఇటువైపు మనిషి అటువైపు. కథలో వేడి దిగలేదు, చాప మీద మాత్రం దిగింది.

## మీరు ఏది తీసుకోవాలి

కొత్త జట్టు, ఒకరికొకరు ఇంకా 'గారు' అని పిలుచుకుంటున్నారంటే మొదటిది. ఆరు నెలలయ్యాక మళ్ళీ మాట్లాడుకోండి.

ఏడాదిగా ఆడుతున్నారు, ఒకరికి నల్లటి పాత్ర మీద మనసు పడింది. రెండోది, మూడు షరతులతో. చెడ్డ పాత్ర ఒక్కటే ఉండాలి. ఇద్దరుంటే జట్టు చీలుతుంది.

పండక్కి కలిసిన పాత స్నేహితులు: మూడోది. కాలేజీ నాటి కక్షలు ఏమైనా మిగిలి ఉన్నాయనిపిస్తే మాత్రం నాలుగోది, అందరూ ఒకే ముఠా.

డీఎంగా మీకిది మొదటిసారా? రెండోది, ఐదోది రెండూ వద్దు. ఆట నడపడమే చాలా ఉంటుంది.

ఇద్దరు ఆటగాళ్ళు భార్యాభర్తలైతే, వాళ్ళ పాత్రలను ఎదురెదురుగా పెట్టేముందు ఇద్దరినీ విడివిడిగా అడగండి. కలిపి అడిగితే ఒకరు ఇంకొకరి కోసం సరే అంటారు.

## గొడవ ఇప్పటికే జరిగిపోయి ఉంటే

పాచికలు పక్కన పెట్టి, టీ పెట్టండి. ఆ రోజుకు కథలో ఏమీ తేల్చవద్దు. చాలామంది డీఎంలు చేసే పని ఒకటుంది: చెడ్డ పాత్రకు కథలో శిక్ష వేయడం. రాజభటులు వచ్చి దొంగను పట్టుకుంటారు, పిడుగు పడుతుంది. అలా చేయకండి. గొడవ మనుషుల మధ్య వచ్చింది, పిడుగు పాత్ర మీద పడితే అది తీరదు, ఇంకొకరికి కూడా కోపం వస్తుంది.

ఇద్దరితోనూ విడిగా, వీలైతే ఫోన్‌లో కాకుండా ఎదురుగా మాట్లాడండి. 'నా కేరెక్టర్ అలాటోడు' అన్న మాట వస్తే, ఆ కేరెక్టర్‌ను రాసింది అతనే అని మెత్తగా గుర్తు చేయండి. అలాటోడిని ఎలాటోడిగానైనా మార్చగలిగేది అతనొక్కడే. జరిగిన సీన్‌ను చెరిపేయడానికి సిగ్గుపడకండి. సినిమాలో రీటేక్ తీసుకోవడం లేదా?

పోయిన నెల మా జట్టులోకి ఆరో ఆటగాడు వచ్చాడు, చీపురుపల్లి నుంచి. మొదటి రోజే శవాలను లేపే మాంత్రికుడి పాత్ర అడిగాడు. మా ఇప్పటి కథ రెండో పద్ధతిలో నడుస్తోంది, చెడ్డ పాత్ర అప్పటికే ఒకటుంది. నేను ఏదో చెప్పబోతుంటే శ్రీకాకుళం కుర్రాడు ముందే అందుకున్నాడు: "బాబూ, మొదట మా పాలడిన్ అన్ననడుగు. ఆయన సరేనంటే నా దొంగని మంచోడిగా మార్సుకుంటాను, ఆ గడి నువ్వు తీసుకో." అన్నయ్య అగరబత్తి డబ్బా మూత తీస్తూ, ఆ లేపే శవాలు ఎవరివో ముందు చెప్పమన్నాడు.